పంచమం లేని పాట

లిఫ్టు ఇరవయ్యారో అంతస్తులో ఆగుతుంది. చెప్పులు బయటే విప్పండి. గుమ్మం దగ్గర అప్పటికే అయిదారు జతలున్నాయి. వాటిలో ఒక జత సేఫ్టీ బూట్లు, అంచున మట్టి ఇంకా తడిగానే ఉంది. ఇవాళ 2025 జులై 26, శనివారం. పొద్దుట్నించీ ముసురు పట్టి ఉంది.

హాల్లోకి రాగానే బాల్కనీ అద్దాల్లోంచి నియోపొలిస్ వైపు టవర్ క్రేన్లు కనిపిస్తాయి, కొసన ఎర్ర దీపాలతో. కింద హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద బండ్ల బారు. అవతల చీకట్లో ఎక్కడో గండిపేట. 2023 ఆగస్టు వేలంలో ఆ క్రేన్ల కింది నేల ఎకరం 100.75 కోట్ల దాకా పలికింది. కోకాపేటలో నలుగురు కూర్చుంటే మాట అటే పోతుంది. అందుకే ఇంటాయన ముందే చెప్పేశాడు: ఈ పూట ఎకరాల సంగతి వద్దు, ఫోన్లు ఆ ఇత్తడి పళ్లెంలో పెట్టండి, రికార్డు రెండు వైపులా పూర్తిగా విందాం, మాటలు వైపు మార్చేటప్పుడే.

నాలుగు రోజుల కిందట, 22న, బ్లాక్ సబ్బాత్ బ్యాండు గాయకుడు ఆజీ ఆస్‌బోర్న్ పోయాడు. అంతకు పదిహేడు రోజుల ముందే, జులై 5న, బర్మింగ్‌హామ్‌లో తాను పెరిగిన ఆస్టన్ పేటలోని విల్లా పార్కు స్టేడియంలో, కుర్చీలో కూర్చునే ఆఖరి కచేరీ పాడాడు. పక్కన పాత ముగ్గురూ ఉన్నారు: గిటార్ మీద టోనీ అయోమీ, బేస్ మీద గీజర్ బట్లర్, డ్రమ్స్ మీద బిల్ వార్డ్. ఆ నలుగురి మొదటి ఆల్బమ్, ‘బ్లాక్ సబ్బాత్’, 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. ఈ ఇంట్లో ఇవాళ వినబోయేది అదే.

ఇంటాయనది కాకినాడ. వరంగల్ ఆర్ఈసీ హాస్టల్లో ఎవరో కాపీ చేసిన క్యాసెట్లో ఈ ఆల్బమ్ మొదట విన్నాడు. టేపు సరిపోక చివరి పాట సగంలో తెగిపోయేదట. 2011 అక్టోబరు 30న బెంగళూరులో మెటాలికా వాయించిందంటే ముందురాత్రి బస్సెక్కి వెళ్లి నిలబడి విన్న మనిషి. ఇప్పుడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో డేటాబేసులు చూసుకుంటాడు.

సోఫాలో నిటారుగా కూర్చున్న పెద్దావిడ పక్క ఫ్లాటు టీచర్‌గారు. విజయనగరంలో సంగీతం చదువుకున్నారు, ఈ టవర్ల పిల్లలకి సరళీ వరసలు చెబుతారు. నేల మీద దిండుకి ఆనుకున్నది నరసరావుపేట కుర్రాడు. అతని ఒళ్లో ఏడు తీగల గిటార్, కాలి దగ్గర చిన్న ఆంప్లిఫయరు. బూట్లు ఎవరివో మీకు తెలిసిపోతుంది: డైనింగ్ కుర్చీ లాక్కుని కూర్చున్నాయన పక్క సైట్లో ఇంజనీరు, కరీంనగర్ మనిషి. రాక్ సంగీతంతో ఆయనకు పరిచయం లేదు. ఇంటాయన రమ్మన్నాడు, వచ్చాడు.

తొమ్మిదో తరగతి చదివే ఇంటాయన కూతురి చేతిలో రికార్డు అట్ట ఉంది. అడిగి తీసుకోండి, దగ్గరగా చూడాలి. పాత నీటిమర, ఎండుటాకులు, ముందు నల్లటి దుస్తుల్లో ఒక ఆడమనిషి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో థేమ్స్ ఒడ్డునున్న మేపుల్‌డర్హామ్ మర అది. ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ము మీద తీయడంతో చెట్లూ గడ్డీ జబ్బుచేసిన గులాబీ రంగుకి తిరిగాయి. ఆవిడ ముఖం ఎంత చూసినా తేటపడదు. "ఈవిడ మనల్నే చూస్తోంది కదా నాన్నా," అంటుంది అమ్మాయి. అట్ట విప్పితే లోపల తలకిందులుగా గీసిన శిలువ. దాని సంగతి బ్యాండుకి ముందుగా తెలియదు, తెలిశాక నచ్చలేదు కూడా. కంపెనీవాళ్లు పెట్టించిన ఆ ఒక్క బొమ్మ వల్ల ఈ నలుగురికీ దయ్యాల పూజారులనే పేరు దశాబ్దాలపాటు అంటుకుంది. నాకు ఇది అన్యాయంగానే తోస్తుంది. పాట విననివాళ్లు కూడా అట్ట చూసి తీర్పు చెప్పేశారు.

ఇంటాయన బాల్కనీ తలుపు మూస్తాడు. బయటి వాన వినపడకూడదు, రికార్డులో వాన ఉంది. ముల్లు దించుతాడు.

చిటపట. ఆ వెనక చినుకులు. దూరంగా చర్చి గంట, తీరిగ్గా, ఒక్కొక్కటే. ఈ వానా ఈ గంటా వాళ్లు వాయించి వెళ్లిపోయాక నిర్మాత రాడ్జర్ బెయిన్ వైపు నుంచి కలిసినవి. ఉరుము ఒకటి దొర్లుతుంది. మరుక్షణం గిటార్, బేస్, డ్రమ్స్ ఒక్కసారిగా మీద పడతాయి. మూడే స్వరాలు. కింద ఒకటి, దాని పై స్థాయిలో అదే, ఆ రెంటి నట్టనడుమ మూడోది. మూడోదాని మీద అయోమీ వేలు వణికిస్తాడు. ఆ వణుకు ఆరేదాకా ఆగి, మళ్లీ మొదటినుంచి. నిదానం అంటే ఇంత నిదానమా అనిపిస్తుంది. ఇంజనీరు కుర్చీలో ముందుకి జరుగుతాడు. టీచర్‌గారి వేలు మోకాలి మీద ఒకసారి తట్టి ఆగిపోతుంది.

"బాబూ, ఒక్క నిమిషం ఆపు."

మధ్యలో మాటలొద్దన్న షరతు ఆవిడే మొదట దాటారు. ఇంటాయన ఎదురు చెప్పకుండా ముల్లు ఎత్తుతాడు. ఆవిడ పళ్లెంలోంచి ఫోను తీసి శ్రుతి పెట్టె యాప్ నొక్కుతారు, అయిదు శ్రుతి. గొంతు కలుపుతారు: కింది షడ్జమం, తార షడ్జమం, దిగి వచ్చి మధ్యమం దగ్గర నిలబడతారు.

"ఇది నా శ్రుతే. వాళ్లు జీ అంటారు, మనకి అయిదు. ఆ మూడోది ప్రతి మధ్యమం. మన మేళకర్తల్లో సగం, 36 రాగాలు, దాని మీదే నడుస్తాయి. కల్యాణి గీతం మొదలెట్టిన రోజున మా పిల్లలందరూ పలికేది ఇదే స్వరం. దీనికి దయ్యమేమిటి?"

ఆవిడ అడిగింది సబబైన ప్రశ్న. పాశ్చాత్య సంగీత గ్రంథాల్లో 18వ శతాబ్దం నుంచి ఈ అంతరానికి దయ్యం పేరు తగిలించి రాస్తూ వచ్చారు. చర్చి దీన్ని నిషేధించిందనే కథ రాక్ అభిమానులు చెప్పుకుంటూ ఉంటారు, దానికి ఆధారం లేదు. అయోమీ కూడా పుస్తకం చదివి కట్టలేదు. బట్లర్‌కి హోల్‌స్ట్ ‘ప్లానెట్స్’లోని అంగారకుడి ఘట్టం ఇష్టం, బేస్ మీద దాన్ని వాయించుకుంటూ ఉండేవాడు. అది చెవిలో పడ్డాక అయోమీ చేతికి ఈ మూడు స్వరాలు వచ్చాయి.

"మరి భయమెందుకేస్తోంది ఆంటీ?" అంటాడు కుర్రాడు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

టీచర్‌గారు వెంటనే జవాబు చెప్పరు. కల్యాణిలో ఒక చిన్న సంచారం పాడతారు, మధ్యమం మీదుగా పంచమానికి చేరి ఆగుతారు. "చూశావా, ఇక్కడ మధ్యమం పంచమం వైపు వాలుతుంది. చేరాక కుదుటపడుతుంది. వీళ్లు పంచమం ముట్టుకోలేదు." అంటూనే మళ్లీ తల అడ్డంగా ఊపుతారు. "అదీ పూర్తి కారణం కాదులే. హంసానందికీ పంచమం లేదు." సాయంత్రం పూట పాడే ఆ రాగాన్ని రెండు ఊపిళ్లలో చూపిస్తారు. గదిలో ఎవరికీ భయం వెయ్యదు, కొంచెం దిగులు కమ్ముతుందంతే. "హంసానందిలో పక్కన గాంధారం, ధైవతం ఉంటాయి తోడుగా. వీళ్లు ఆ ఒక్క మధ్యమాన్ని ఒంటరిగా నిలబెట్టి వదిలేశారు. ఎంతసేపు నిలబెట్టారో, అందులో ఉంది బాబూ భయం."

ఈ ఆల్బమ్ గురించి నేను చదివినవీ విన్నవీ చాలా ఉన్నాయి. మొదటి పాట ఎందుకు పనిచేస్తుందో ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకు తగల్లేదు.

పాట మళ్లీ మొదటినుంచి. ఈసారి ఎవరూ ఆపరు. చివర్లో లయ ఒక్కసారిగా పరుగందుకున్నప్పుడు కుర్రాడి తల ఊగడం మొదలవుతుంది. అంతదాకా అతను ఓర్చుకుంటున్నాడని అప్పుడు తెలుస్తుంది. ‘ది విజర్డ్’ రాగానే అమ్మాయి ముఖం విచ్చుకుంటుంది, అందులో ఆజీ మౌతార్గాన్ ఊదుతాడు. బట్లర్ ఆ పాటని ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లోని గాండాల్ఫ్‌ని తలచుకుని రాశాడని తండ్రి గుసగుసగా చెబుతాడు. మూడోది గడిచిపోతుంది. తరవాత అన్నీ ఆగి బేస్ ఒక్కటే మాట్లాడటం మొదలెడుతుంది, మెలికలు తిరుగుతూ, వా-వా అని నోరు తెరిచి మూసినట్టుగా. ‘ఎన్.ఐ.బి.’ వస్తోందన్న మాట. ఇంజనీరు కాలు నేల మీద తాళం వేస్తోంది, ఆయనకి ఆ సంగతి తెలియదు.

మొదటి వైపు అయిపోయింది. వంటింట్లోంచి మిరపకాయ బజ్జీలు, టీ వస్తాయి. నోటికి చెయ్యి అడ్డుపెట్టి కుర్రాడే ముందు మాట అందుకుంటాడు.

"అన్నా, ఉన్నది ఉన్నట్టు చెప్తా, ఏమీ అనుకోవద్దు. బాగా స్లో. సౌండు పల్చగా ఉంది. డ్రమ్స్ అక్కడక్కడా ముందుకెళ్లి మళ్లీ వెనక్కొస్తున్నాయి. ఇప్పుడు ఇలా రికార్డు చేసిస్తే ఎవరూ తీసుకోరు. అయితే తీగలు అంత కిందకి దించి కట్టుకోవడం మాత్రం ఆ రోజుల్లో గొప్పే."

"దించలేదు," అంటాడు ఇంటాయన. "దించడం 1971లో, మూడో ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ రియాలిటీ’లో. ఇది మామూలు ట్యూనింగే."

కుర్రాడు నమ్మడు. ఏడో తీగ వదిలేసి, మిగతావి మామూలు ట్యూనింగుకి సరిచేసుకుని, ఆ మూడు స్వరాలూ మీటుతాడు. సరిగ్గా కూర్చుంటాయి. మళ్లీ మీటుతాడు. "మరి ఇంత బరువెక్కడ్నించి వచ్చింది?" అని గిటార్ వైపే చూస్తూ అడుగుతాడు.

ఇక అయోమీ చేతి కథ చెప్పక తప్పదు, ఇంటాయన చెబుతాడు. పదిహేడేళ్లప్పుడు అయోమీ ఇనప రేకుల కార్ఖానాలో పని. బ్యాండుతో తిరగాలని ఉద్యోగం మానేశాడు, అదే ఆఖరి రోజు. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లనన్నాడు. మొదలెట్టిన పని ముగించి రమ్మని తల్లి పంపింది. ఆ రోజు ప్రెస్సు నడిపే మనిషి రాలేదు, అలవాటు లేని ఆ మిషను మీద అయోమీని నిలబెట్టారు. ప్రెస్సు కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు కొసల మీద దిగింది. అతనిది ఎడమచేతి వాటం, కాబట్టి తీగలు నొక్కేది ఆ కుడి చెయ్యే.

ఇంజనీరు బజ్జీ పళ్లెంలో పెట్టేస్తాడు.

"ఆఖరి రోజా? అయ్యో. గట్లనే అయితది అన్న. పని ఒడిసే యాళ్లకే మనిషి ఏమరుతడు. గందుకే మేం షిఫ్టు దిగే ముంగట మల్ల ఒకసారి పిలిచి చెప్తం. అలవాటు లేనోన్ని మిషిని కాడ నిలబెట్టుడు ఇంక పెద్ద తప్పు." ఆ మాటల్లో చూసొచ్చిన బాధ ఉంది. "మరి మల్ల ఎట్ల వాయించిండు?"

కార్ఖానాలో పైఅధికారి ఒకాయన జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడు. ఆ జిప్సీ గిటారిస్టు అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు చచ్చుబడినా వాయించాడు. అది విన్నాక అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి టోపీలు చేసుకున్నాడు, పైన తోలుముక్క అంటించాడు. తీగలు సన్నవైతే నొక్కడం తేలికని బాంజో తీగలు కట్టి చూశాడు.

కుర్రాడు లేచి వెళ్లి ఫస్ట్ ఎయిడ్ డబ్బాలోంచి బ్యాండేజీ పట్టీలు తెస్తాడు. మధ్యవేలికీ ఉంగరపు వేలికీ మందంగా చుట్టుకుని, అదే పాట మొదలెడతాడు. మీరు అతని చేతివైపు వంగి చూడండి. వేలు తీగ మీద దిగుతుంది, కానీ ఎక్కడ దిగిందో అతనికి తెలియడం లేదు. ఒకసారి పక్క తీగకి తగిలి గీరుమంటుంది. ఇంకోసారి ఎక్కువ నొక్కేసి స్వరం పైకి లాగేస్తుంది. మూడు స్వరాలకి చెంపలు బిగుస్తాయి. "చర్మానికి ఏమీ తెలియట్లేదన్నా. చెవితోనే వెతుక్కోవాలి." అయోమీ కూడా తన వాయింపు గురించి అదే చెబుతూ వచ్చాడు: టోపీల కింద తీగ తెలియదు, చెవే దిక్కు. కుర్రాడు మళ్లీ ప్రయత్నిస్తాడు. వేగంగా వెళ్లలేక నిదానిస్తాడు, ఒక్కో స్వరాన్ని తోసి నిలబెడతాడు. చిన్న ఆంప్లిఫయర్లోంచి వచ్చే ధ్వనిలో రికార్డులోని బరువు కొంచెం వినిపిస్తుంది. గదిలో అందరం విన్నాం.

నేను ఈ ఆల్బమ్ గురించి గట్టిగా నమ్మేది ఇదే: దీన్ని పనివాళ్ల చేతులు చేశాయి. ఆజీ లూకాస్ కార్ఖానాలో కారు హారన్లు శ్రుతి చేసేవాడు, తరవాత కబేళాలో చేశాడు. వార్డ్ బొగ్గు మోశాడు. బట్లర్ ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో లెక్కలు రాశాడు. చిన్నప్పుడు రాత్రిళ్లు మంచం మీద పడుకుని దగ్గర్లోని కార్ఖానా ప్రెస్సుల మోతకి వేళ్లతో తాళం వేసేవాడినని వార్డ్ చెప్పుకున్నాడు. మీరు ఒకసారి బాల్కనీ తలుపు తియ్యండి. నియోపొలిస్ వైపు హిటాచీ బ్రేకరు బండని కొడుతోంది. దబ్, దబ్, దబ్, మధ్యలో ఆగి చోటు మార్చుకుని మళ్లీ దబ్. వాన సద్దుని దాటుకుని ఇరవయ్యారో అంతస్తుకి వస్తోంది. "పదింటికి బంద్ చేస్తరు," అంటాడు ఇంజనీరు, మిమ్మల్ని ఊరడిస్తున్నట్టు.

1970లో విమర్శకులకి ఇదేమీ పట్టలేదు. రోలింగ్ స్టోన్‌లో లెస్టర్ బాంగ్స్ దీన్ని క్రీమ్ బ్యాండుకి నాసిరకం నకలుగా తీసిపారేశాడు. శ్రోతలు మాత్రం కొన్నారు. ఇంగ్లండు చార్టులో 8వ స్థానం, అమెరికాలో 23. రెండేళ్లకి అదే బాంగ్స్ మనసు మార్చుకుని ఈ బ్యాండుని మెచ్చుకుంటూ పెద్ద వ్యాసం రాశాడు. వినేవాళ్ల అభిప్రాయం విమర్శకుడి కన్నా ముందు నడిచిన సందర్భం ఇది, నాకు దాని మీద ప్రత్యేకమైన ఇష్టం.

రెండో వైపు. ‘ఈవిల్ ఉమన్’ మినియాపొలిస్ బ్యాండు క్రో పాట. సింగిల్‌గా అమ్ముడుపోతుందని వాయించిన వేరేవాళ్ల సరుకు అది, దాని మీద ఎవరికీ ఏ అభిప్రాయమూ లేదు. అమెరికా అచ్చులో దాని బదులు ‘వికెడ్ వరల్డ్’ పెట్టారు, అదే మేలు. ‘స్లీపింగ్ విలేజ్’ మొదట్లో మోర్సింగ్ లాంటి వాద్యం మోగితే టీచర్‌గారు కళ్లు తెరుస్తారు. అదీ ఆ కుటుంబపు వాద్యమే. అక్కణ్నుంచి దారి ‘వార్నింగ్’లోకి. పది నిమిషాలు దాటే పాట, అందులో చాలాభాగం అయోమీ గిటారే. ఒక దశలో మిగతా ఇద్దరూ ఊరుకుంటారు, అతనొక్కడే మీటుతుంటాడు.

రికార్డు ఆగగానే గది రెండుగా చీలుతుంది.

"సగం తీసెయ్యొచ్చు," అంటాడు కుర్రాడు. బ్యాండేజీలు ఇంకా విప్పలేదు.

"కోసేశారయ్యా," అంటాడు ఇంటాయన. "స్టూడియోలో ఇంకా పొడుగ్గా వాయించారు. 1969 అక్టోబరు 16, లండన్లో రీజెంట్ సౌండ్. ఆల్బమ్ మొత్తం ఒక్కరోజు పని, ఇంచుమించు 600 పౌండ్ల ఖర్చు. నలుగురూ ఒకేసారి వాయిస్తుంటే పట్టుకున్నారు. పొద్దున్న మొదటి పాటకే అయోమీ స్ట్రాటోకాస్టర్ మొరాయించింది, వెంట తెచ్చుకున్న గిబ్సన్ ఎస్జీ తీశాడు, అప్పట్నించీ ఎక్కువగా ఆ రకం గిటారే. అలాంటి రోజున వాయించిందాన్ని ఇంకా కత్తిరిస్తావా?"

"ఒక్కరోజంటే నాకు అర్థమవుతుంది," అంటారు టీచర్‌గారు. "కచేరీ అంటే అంతే కదా. మనోధర్మం కొన్ని రోజులు పండుతుంది, కొన్ని రోజులు దారి వెతుక్కుంటూనే ముగుస్తుంది. ఈ అబ్బాయి మధ్యలో రెండు చోట్ల దారి తప్పాడు, మూడోచోట దొరికింది. తప్పిపోయినవి తీసేస్తే దొరికినదాని విలువ ఎలా తెలుస్తుంది?"

నా మటుకు నాకు, మధ్యలో మూడు నిమిషాలు తగ్గినా ఆల్బమ్‌కి లోటు రాదు. అయోమీ ఒంటరిగా వాయించే ఆ భాగాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఇంటాయనతో ఈ మాటే అంటే ఆయన ఒప్పుకోడు. ఆ క్యాసెట్టు తెగిపోయిన చోటు అదేనని, ఆ భాగం వినడానికి ఉద్యోగం వచ్చి రికార్డు కొనేదాకా ఆగాల్సి వచ్చిందని చెబుతాడు. అంత ఎదురుచూసిన మనిషితో మూడు నిమిషాల బేరం ఆడటం కష్టం.

అమ్మాయి ఓటు ‘ది విజర్డ్’కే. టీచర్‌గారు మొదటి పాటని గొప్పదంటారు, మళ్లీ మళ్లీ వినే ఓపిక తనకు లేదని కూడా అంటారు. కుర్రాడు సౌండు పల్చనే అంటాడు, డ్రమ్స్ మీద ఫిర్యాదు వాపసు తీసుకుంటాడు. నలుగురూ ఒకే గదిలో ఒకరినొకరు చూసుకుంటూ వాయిస్తే అలాగే ఉంటుందట. ఇంజనీరుని అడిగితే తడుముకోడు. "ఆ ఒక్క బేస్‌తోని మొదలైతది చూడు, గది. పేరేంది?"

"ఎన్.ఐ.బి. ఈ నెల 5న ఆఖరి కచేరీలో వాళ్లు వాయించిన నాలుగు పాటల్లో ఈ ఆల్బమ్‌ది అదొక్కటే అన్నా," అంటాడు కుర్రాడు.

పళ్లెంలో ఆయన ఫోను మోగుతోంది. పొద్దున స్లాబు ఉంది, రెడీమిక్స్ లారీల టైము అడుగుతున్నారు. "ఆరింటికి మొదటి బండి రావాలె," అని చెప్పి పెట్టేసి, పాట పంపమని కుర్రాడికి నంబరు ఇస్తాడు. బూట్లు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి, వచ్చే శనివారం ఏం పెడుతున్నారని అడుగుతాడు. కుర్రాడు 1970 సెప్టెంబరులో వచ్చిన ‘పారనాయిడ్’ అంటాడు. ఇంటాయన 1969 జనవరి నాటి లెడ్ జెపెలిన్ మొదటి ఆల్బమ్ ముందు వినాలంటాడు, లేకపోతే వరస తప్పుతుందట. లిఫ్టు వచ్చినా ఇద్దరూ తేల్చుకోలేదు.